పుట్టమన్ను

రమణమ్మకు,

నాది రాత్రిబడిలో నేర్చిన తెలుగు. తప్పులు దొర్లితే మన్నించు. అయినా ఈ ఉత్తరం ఎవరిచేతా రాయించలేదు, నేనే రాస్తున్నాను.

మన పెంచలమ్మ పురిటికి వచ్చింది. ఏడో నెల. నిన్న ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకొని వెళ్లాను. నర్సమ్మ దాని కంటి కింది రెప్ప లాగి చూసి, "మన్ను తింటా ఉండావా?" అని అడిగింది. పిల్ల తల దించుకొన్నది. అది వేవిళ్ల ముచ్చట కాదట. రక్తం తక్కువైనదానికి గుర్తట. రోజూ వేసుకోమని ఇనుము మాత్రలు ఇచ్చింది.

ఉదయగిరికి తిరిగి వచ్చేసరికి మా అమ్మ కొండ కింది నుంచి పుట్టమన్ను తెచ్చి, పెనం మీద వేయించి ఉంచింది. నేను దానిని పెంటదిబ్బలో పారబోశాను.

"కడుపుతో ఉండే పిల్ల నోటికాడిది పారేస్తావేందిరా? నాలుగక్షరాలొస్తే డాక్టరువైపోయినావా? ఆ మాత్రలేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాదంట!"

ఆసుపత్రిలో చెప్పినదంతా వివరించాను. రెండుసార్లు వివరించాను. ఆమె ఒక్క మాట అన్నది.

"నీ పెళ్లానికి నువ్వే గదరా తెచ్చిపెట్టినావు!"

నిజమే. తువ్వాలులో మూటగట్టి నేనే తెచ్చేవాడిని. నువ్వు పాలిపోతూ ఉంటే రంగు తేలావని మురిసిపోయాను. పెంచలమ్మ పుట్టిన పూటే నువ్వు పోయావు.

ఇది నీకు అందదని తెలుసు. కనుక ముందు పెంచలమ్మ చదవాలి. తరువాత, చదువురాని అవ్వకు పైకి చదివి వినిపించాలి. నేను మన్ను తెచ్చిన చోట గొంతు తగ్గించరాదు.