పురుగు తినని నక్షా

ఆగస్టు 3, ఆదివారం, సాయంత్రం 7

ఛీ. వచ్చి స్నానం చేసినా ఒళ్ళంతా ఏదో జిడ్డు అంటుకున్నట్టే ఉంది.

మామ సంస్మరణ సభ అయిపోయింది. సభ అనాలా, సుదర్శన్ ప్లాట్ల పబ్లిసిటీ అనాలా? ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఫ్లెక్సీలో మామ ఫోటో పాస్‌పోర్ట్ సైజులో ఉంది. సుదర్శన్ మాత్రం నిలువెత్తున దండం పెడుతున్నాడు. కింద వెంచర్ పేరు, ఫోన్ నంబరు. చచ్చిపోయిన మనిషి పక్కన ఫోన్ నంబరు! ఖర్చంతా సుదర్శన్‌దే. మా ఆయన అజహర్ ఆయన దగ్గర ప్లాట్లు అమ్మిపెడతాడు కదా, పొద్దుటి నుంచీ కుర్చీలు సర్దుతూ తిరిగాడు. తండ్రి పోయిన కొడుకులా ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు.

ఒక్కొక్కడూ మైకు పట్టుకుని ఏడ్చాడు. నయీముద్దీన్ సాబ్ ఒక్కడే శత్రువుల కోడ్లన్నీ పగలగొట్టి యుద్ధం గెలిపించిండని ఒకాయన. అసొంటి మనిషి మళ్ళ పుట్టడని ఇంకొకాయన. ఈ ఇంకొకాయనే మొన్నటిదాకా మామ కనబడితే చాలు, అగో కచరా సాబ్ వస్తాండు అని నవ్వేవాడు. పాత పేపర్ల దుకాణాల్లో కూర్చుని చిరిగిన నక్షాలు ఏరుకునే మనిషి కదా, ఊరంతా అదే పేరు పెట్టింది. ఇవాళ అదే నోటితో మహనీయుడు, మహానుభావుడు. మధ్యలో సమోసా.

మామ ఎప్పుడూ అట్లా చెప్పుకోలేదు. మిలిటరీలో తన పని చెవులు నొప్పి పుట్టేదాకా వినడమే అనేవాడు. కోడ్ పగిలేది మన తెలివితో కాదట, అవతలివాడి అలవాటుతో. రోజూ పొద్దున ఒకే తీరుగా సలాం చెప్పేవాడు దొరికిపోతాడట. ఇంకోటి కూడా చెప్పేవాడు. మన మాటలు వాళ్ళు దొంగచాటుగా వింటున్నారని అనుమానం వస్తే, వైర్‌లెస్‌లో కావాలని ఒక అబద్ధం పంపేవాళ్ళట. రేపు ఫలానా వంతెన మీదుగా ట్రక్కులు పోతాయని. ఆ వంతెన దగ్గర ఎవడైనా కదిలాడా, వింటున్నట్టే. ఇది చెప్పి చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. కాలేజీలో లెక్కలు చెప్పే కోడలు వచ్చిందని ఆయనకు ఎంత సంబరమో. అజహర్ మాత్రం మీ ఇద్దరికీ పని లేదా అని విసుక్కునేవాడు.

నిజాం జమానా నక్షాలంటే మామకు ప్రాణం. పాత భూముల పటాలు, వెనక గుడ్డ అంటించినవి, ఉర్దూ రాతవి. వాటిని ప్లాస్టిక్ పైపుల్లో చుట్టి, లవంగాలు వేసి అటక మీద దాచేవాడు. రేగులకుంట నక్షా ఒక కిరాణా దుకాణంలో బెల్లం దిమ్మెల కింద పరిచి ఉంటే, దుకాణాయనకు కొత్త తార్పాలిన్ కొనిచ్చి మరీ తెచ్చుకున్నాడు. ఇవాళ స్టేజీ మీద ఫ్రేము కట్టించి పెట్టింది దాన్నే. దాని మీద లైటు కూడా వేశారు. ఎందుకో అది మామ నక్షాలా అనిపించలేదు.

ఆయన పోయినప్పటి నుంచీ నేను సరిగ్గా ఏడవలేదు. ఇవాళ ఏడుద్దామనుకున్నాను. ప్లేట్ల చప్పుడులో అదీ కుదరలేదు. ఇంటికొచ్చి టీ పెట్టుకుందామంటే పొడి లేదు. మొన్ననే తెచ్చిన ప్యాకెట్.

ఆగస్టు 4, సోమవారం

మధ్యాహ్నం మొగిలమ్మ వచ్చింది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఏరే మనిషి. ఆమె ఉండే గల్లీకి ఎగువనే రేగులకుంట. సుదర్శన్ ఆ కుంటను పూడ్చి వెంచర్ వేస్తున్నప్పటి నుంచీ వాన నీళ్ళన్నీ వాళ్ళ ఇళ్ళలోకే. నిరుడు మంచంలో ఉన్న మొగుడు కట్టయ్యను వీపున వేసుకుని బయటపడింది. గల్లీవాళ్ళంతా కలిసి కలెక్టర్ ఆఫీసులో ఫిర్యాదు చేశారు. అక్కడ కుంటే లేదంటున్నాడు సుదర్శన్. 21న విచారణ.

సాబ్ మాటిచ్చిండు బిడ్డా, నక్షా సూపిస్తనే ఆఫీసోళ్ళు నమ్ముతరట, లేకుంటే ఇల్లిడిసి యాడికన్న పోవుడే అని కొంగుతో కళ్ళొత్తుకుంది. ఇస్తానన్నాను.

ఆమె పోయాక సభ నుంచి తిరిగొచ్చిన ఫ్రేము దించి, వెనక అట్ట ఊడదీశాను. ఆ నక్షాను పురుగు తిన్న చోట్లు నాకు బాగా గుర్తు. మామ దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే రంధ్రాల్లోంచి వెలుతురు ఆయన గడ్డం మీద చుక్కలుగా పడేది. నేనూ అట్లాగే పట్టుకున్నాను. వెలుతురు రాలేదు. రంధ్రాలన్నీ నల్లచుక్కలుగా అచ్చయి ఉన్నాయి. వేలితో తడిమితే నున్నగా తగిలింది. వెనక గుడ్డ లేదు. కలర్ జిరాక్స్! పాతదానిలా కనబడాలని టీ డికాక్షన్ పూశారు, ఇంకా వాసన వస్తోంది. కుడి అంచుకు ఆనుకుని నీలంగా కుంట ఉండాలి. అక్కడ చేలు గీసి ఉన్నాయి.

కింద నయీముద్దీన్ గారి సేకరణ అని బంగారు అక్షరాలు. 21న సుదర్శన్ మా ఇంట్లోంచే తెప్పించి చూపించబోయేది ఇదే. అంత పెద్ద మనిషి నక్షాలోనే కుంట లేదంటాడు. అందుకే మామను రాత్రికి రాత్రి అంత పెద్ద మనిషిని చేశారు. థూ.

ఆగస్టు 5, మంగళవారం

నక్షా సంగతి అజహర్‌ను అడిగాను. ఫ్రేము కట్టిస్తమని సుదర్శన్ పోరగాళ్ళు తీస్కపోయిన్రు, ఏం తెచ్చిన్రో నాకేం ఎరుక, నువ్వు జర ఎక్కువ ఫికర్ చేస్తానవ్ అన్నాడు. అంటూనే టీవీ సౌండ్ పెంచాడు. మొగిలమ్మ వచ్చిన సంగతి నేను ఎత్తలేదు.

నమ్మాలనే ఉంది.

ఆగస్టు 7, గురువారం

మొగిలమ్మ ఫోన్ చేసింది. సుదర్శన్ మనుషులు ఇంటికొచ్చారట. నక్షా అడుగనీకి పోయినవట గదా, ముసలోడు మంచంల ఉన్నడు, జర పైలం అని చెప్పి పోయారట. మంచంలో ఉన్న మనిషిని చూపించి బెదిరిస్తారా? వీళ్ళసలు అన్నమే తింటున్నారా?

వాళ్ళకెట్లా తెలిసిందో. గల్లీలో ఎవరో చూసి ఉంటారు.

ఆగస్టు 10, ఆదివారం

అల్హందులిల్లా, ఇప్పుడు గుర్తొచ్చింది! అసలు నక్షాను మామ నిరుడే స్కాన్ చేయించాడు. పెన్‌డ్రైవ్ నన్నే దాచమన్నాడు. కాలేజీ స్టాఫ్ రూములో నా అల్మారాలో, బిస్కెట్ల డబ్బాలో భద్రంగా ఉంది. అజహర్‌కు కూడా చెప్పను. 21 దాకా అక్కడే ఉండనిస్తాను. ఎన్నాళ్ళకో కడుపు నిండా అన్నం తిన్నాను.

ఆగస్టు 12, మంగళవారం

డబ్బా పోయింది. అటెండర్ పాండురంగం బిక్కమొహం వేశాడు. మీ ఇంటికాడికెళ్ళి వచ్చినమని ఇద్దరు పోరగాళ్ళు చెప్పిన్రు మేడం, మీ దవాయి డబ్బా అన్నరు, నేనే తీసిచ్చిన అన్నాడు. ఆయన్ని ఏమంటాను?

అంతా అయిపోయింది. మొగిలమ్మకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

ఆగస్టు 15, శుక్రవారం

సుదర్శన్ వెంచర్ గేటు ముందు జెండా ఎగరేసి మామ పేరు చెప్పుకున్నాడట. పక్కన నిలబడి తను చప్పట్లు కొడుతున్న వీడియోను అజహర్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు.

ఆగస్టు 17, ఆదివారం

అజహర్ బిర్యానీ తెచ్చాడు. నేను తిన్నాను.

ఆగస్టు 21, గురువారం, ఉదయం

అజహర్,

ఇది నీకే. చీరల కింద నుంచి తీసి, చదివి, మళ్ళీ మడత చెడకుండా పెట్టే శ్రమ ఎందుకని టేబుల్ మీదే పెట్టాను.

మొగిలమ్మ వచ్చిన సంగతి ఈ డైరీలో తప్ప ఎక్కడా చెప్పలేదు. అందుకే బిస్కెట్ల డబ్బా కథ రాశాను. మామ ఏ స్కానూ చేయించలేదు. ఆ డబ్బాలో ఉన్నవి లవంగాలు. వంతెన దగ్గర ఎవరు కదులుతారా అని చూశాను. ఆ ఉపాయం మూడో తారీఖునే రాసి పెట్టాను, నువ్వు చదివావు కూడా. నీ తండ్రి మాట నీ చెవికి ఎప్పుడెక్కింది గనక.

సుదర్శన్ బయటివాడు. వాడి మీద నాకంత రోత లేదు. ఆ డికాక్షన్ నువ్వు మన వంటింట్లోనే కాచావు. మాడిన గిన్నె నేనే తోమాను.

రేగులకుంట ఒక షీటులో పట్టలేదు అజహర్. కుడి అంచున ఆగిన నీలం పక్క షీటులో మళ్ళీ మొదలవుతుంది. మిగతా సగం కుంట, నిండితే నీళ్ళు పొర్లే మత్తడి, కింది కాలువ, అన్నీ అందులో ఉన్నాయి. ఇన్నాళ్ళూ అటక మీద పైపులోనే ఉంది. కచరా అని నువ్వే ఎన్నిసార్లు పారేయబోయావో. పొద్దున తీసి కిటికీకి ఎదురుగా పట్టాను. పురుగు తిన్న చోటల్లా వెలుతురు వచ్చింది. ఆయన పోయాక మొదటిసారి ఏడ్చాను.

మొగిలమ్మ ఆటోలో కూర్చుని ఉంది. ఈ షీటు చూపించి, విచారణ అయ్యాక ఆఫీసు నుంచి నేరుగా స్టేషన్ ఘన్‌పూర్, మా అమ్మ దగ్గరికి పోతాను.

టీ పొడి కొత్త ప్యాకెట్ తెచ్చి పెట్టాను.