సమ్మతమే

అమ్మకు,

నీ కొడుకు నమస్కరించి రాయునది. మరియమాత దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందనీ, అక్కా బావా కులాసాగా ఉన్నారనీ తలుస్తాను. వర్క్‌షాపులో కొత్త లేత్ మిషన్ వచ్చింది. పాతదానికి నా చెయ్యి అలవాటు. ఇది మాత్రం ఇంకా నా మీద అలుగుతూనే ఉంది.

నీ మనవడు సెమినరీకి వెళ్తున్నాడని తెలిసి నువ్వు రాసిన ఉత్తరం మూడుసార్లు చదివాను. "ఎవరో పిల్ల కాదందా?" అని అడిగావు. లేదమ్మా. సంబంధాలు రెండొచ్చాయి, వద్దన్నది వీడే. "ఇంట్లో ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అన్నావు. నీ మనవణ్ణి అనేంత నోరు మా ఇద్దరికీ లేదు. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం మొన్నటిదాకా చక్కగా చేశాడు. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఫుట్‌బాల్ ఆడి, మోచేతులు గీరుకుని వచ్చేవాడు. బతుకు మీద విరక్తి పుట్టినవాడి వాలకం కాదది. ఇరవైమూడేళ్ళవాడు, పెళ్ళి మానుకుని గురువు, అంటే ఫాదర్, కావాలని ఉంది, ఆ చదువు చెప్పే సెమినరీలో చేరి చూస్తానన్నాడు. అంతే.

"ఫాదర్ దగ్గరికెళ్ళి ఎలాగైనా ఆపించరా, మన వంశానికి వాడొక్కడే కదా!" అని రాశావు. ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచిన సంగతి ఒకటుంది. నువ్వు చెప్పకముందే ఆ పని చేశాను.

రెండు నెలల కిందట పనికి సెలవు పెట్టి, ఇంట్లో చెప్పకుండా సెమినరీకి వెళ్ళాను. పెద్ద ఫాదర్ ముందు కూర్చుని, "మావాడికి చిన్నప్పట్నుంచీ ఫిట్స్ వస్తాయి ఫాదర్. సిగ్గుపడి చెప్పుకోడు" అన్నాను. కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాను. అవి మాత్రం నిజమైనవే.

పది రోజులకు ఉత్తరం వచ్చింది, ఆరోగ్యం దృష్ట్యా చేర్చుకోలేమని. వాడు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అన్నం ముందు కూర్చున్న నావైపు చూశాడు.

"నాన్నా, నాకు ఫిట్స్ ఎప్పుడొచ్చాయి?"

అరుస్తాడనుకున్నాను.

"వద్దని నాతోనే అనొచ్చుగా. ఇద్దరం దెబ్బలాడుకునేవాళ్ళం. ఇప్పుడు నేనెవరితో దెబ్బలాడను?" అన్నాడు.

తినకుండానే లేచిపోయాను. నీ కోడలు మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నాలుగో రోజు వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి, అబద్ధమాడానని పెద్ద ఫాదర్ ఎదుట ఒప్పుకున్నాను. ఆయన మావాడి దరఖాస్తు మళ్ళీ తీసి ముందు పెట్టుకున్నారు. "చేరినంత మాత్రాన గురువైపోడయ్యా. ఎనిమిదేళ్ళ చదువు. ఇది తనకు కాదనిపిస్తే ఏ రోజైనా ఇంటికి రావచ్చు. మేం కట్టేసి ఉంచం" అన్నారు.

ఇప్పుడు నా మాట విను. వంశం వంశం అనుకుని, నిక్షేపంలాంటి కొడుకుని రోగిష్టివాణ్ణి చేశాను. ఇంకోసారి చెయ్యను. నువ్వు అన్నం మానేసినా, అక్క నాతో మాటలు మానేసినా, బావ పెద్దమనుషుల్ని వెంటేసుకొచ్చినా చెయ్యను. రేపు వాడు మనసు మారి తిరిగొస్తే, పారిపోయొచ్చాడని నవ్వేవాళ్ళు నా గడప తొక్కనక్కర్లేదు. నువ్వైనా సరేనమ్మా. ఈ ముక్క చదివితే నీకు కష్టం కలుగుతుందని తెలుసు. అయినా కొట్టెయ్యను.

నిన్న వాణ్ణి సెమినరీలో దింపి వచ్చాను. ఒక పత్రం ఇచ్చి, తండ్రి సమ్మతి అన్నచోట సంతకం పెట్టమన్నారు. పెట్టాను. దాని కింద ఇంకో మాట కూడా రాశాను: "ఉంటే మీవాడు, వస్తే మావాడు. రెండింటికీ నాకు సమ్మతమే."

పెద్ద ఫాదర్ కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"ఇలా ఎవరూ రాయరయ్యా!"

"నేను రాస్తాను ఫాదర్."

ఆయన కొట్టివెయ్యలేదు. అలాగే ఫైల్లో పెట్టారు. వాడు పక్కనుంచి తొంగిచూసి, "అక్షరాలు కాస్త గుండ్రంగా రాయొచ్చుగా నాన్నా" అన్నాడు. అని, నా భుజం మీద చెయ్యి వేసి, తియ్యడం మరిచిపోయాడు.

ఇట్లు,
నిన్ను మొదటిసారి ఎదిరించిన
నీ కొడుకు