మా ఆవిడ బరువులెత్తని పదిహేను రోజులు

మార్చి 3, సోమవారం
ఇది చెక్కల కొలతలు రాసుకునే పుస్తకం. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి కనక ఇంటి సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మా ఆవిడకు రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయి ఏడాదిన్నర. రోజుకో మాత్ర, అయిదేళ్లు వేసుకోవాలి. ఆ జబ్బుకు మేత ఈస్ట్రోజన్ అనే హార్మోనట. మాత్ర దాన్ని ఒంట్లో తయారు కానివ్వదు. మంచిదే. కానీ ఎముకల్ని గట్టిగా ఉంచేదీ ఆ హార్మోనేనట! స్కాన్ రిపోర్టు వచ్చింది. ఎముకలు కొంచెం పలచబడ్డాయి. డాక్టరమ్మ ఇంకా ఏదో చెబుతుండగానే చీటీ పట్టుకుని కాల్షియం బిళ్లలకు కిందికి పరుగెత్తాను.

వడ్రంగివాణ్ణి. చెద తిన్న పలక మీద ఎవడైనా బరువు పెడతాడా? తీర్మానం: బకెట్లు, బియ్యం డబ్బా, తడిబట్టలు, చీపురు ఇక నావే. ఆవిడ కూర్చోవాలి. అంతే!

చెప్పాను. ఒక్క క్షణం నా మొహం చూసి, "సరే, మీ ఇష్టం" అంది. ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం పెళ్లయ్యాక ఇదే మొదలు.

మార్చి 4, మంగళవారం
5:30 లేచాను. 5:50 టీ పొంగిపోయింది. 6:10 మళ్లీ టీ. 7:00 ఊడ్చాను. 8:00 బట్టలు. దుకాణం తెరిచేసరికి 9:40. ఆవిడ కాళ్లు చాపుకుని పేపరు మొత్తం చదివింది. హాయి!

మార్చి 6, గురువారం
మరదలు వచ్చింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది.
"ఏం బావా, అక్కని మ్యూజియంలో పెట్టారటగా! టికెట్టెంత?"
"ఎముకలు పలచబడ్డాయమ్మా."
"మరి మీ నడుం?"
"నా నడుముకేం? ఉక్కు!"
అక్కాచెల్లెళ్లు చాలాసేపు నవ్వుకున్నారు. నేను గిన్నెలు తోముతున్నాను కనక సరిగా వినపడలేదు.

మార్చి 9, ఆదివారం
రోజు విడిచి రోజు ఊడిస్తే చాలు. ఒక్క రోజులో దుమ్మెంత పడుతుంది గనక? చొక్కా కూడా రెండ్రోజులు వేసుకోవచ్చు. తీర్మానం మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిడ బకెట్ ముట్టుకోబోతే గట్టిగా అరిచాను.

మార్చి 13, గురువారం
ఆవిడకు పొద్దున వేళ్లు ముడవడం లేదు. కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించింది.
"ఇదంతా ఆ మాత్ర వల్లేనండీ. మానేస్తాను."
"మానేస్తే జబ్బు మళ్లీ వస్తేనో?"
"వస్తే చూద్దాం."
దుకాణానికి వెళ్లాను. తలుపు రెక్క రెండంగుళాలు తక్కువ కోశాను. ఇన్నేళ్ల పనిలో ఎప్పుడూ లేదు.

మార్చి 16, ఆదివారం
6:10 నీళ్ల డ్రమ్ము జరపబోయాను.
6:11 నేల మీద ఉన్నాను.
ఆవిడ కుంటుకుంటూ వచ్చి, నా చెయ్యి తన భుజం మీద వేసుకుని లేపింది. డెబ్బై రెండు కిలోలు నేను!
"బరువులెత్తకు!" అన్నాను.
"అయితే వదిలెయ్యనా?" అంది.

మంచం మీంచి చూస్తే మాత్రల అట్ట కనిపించింది. పదమూడో తారీఖు నుంచి ఒక్కటీ తగ్గలేదు. ఆవిడ నడుముకు కాపడం పెట్టింది. పెట్టించుకున్నాను.

మార్చి 17, సోమవారం
ఒకరినొకరు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాం. "ఇద్దరిలో పేషెంటెవరు?" అంది డాక్టరమ్మ.
నేను దాచలేదు. మాత్ర మానేసిందని చెప్పాను. పదిహేను రోజులుగా కుర్చీ దిగనివ్వలేదని కూడా, కొంచెం గొప్పగా, చెప్పాను.
"కూర్చోబెట్టమని ఎవరన్నారు?"
"నేనేనండీ. చెద తిన్న పలక మీద..."
"పలకకు ప్రాణం లేదు, ఎముకకుంది! మీద బరువు పడితేనే అది గట్టిపడుతుంది. నడవాలి, మెట్లెక్కాలి, చిన్న చిన్న బరువులు ఎత్తాలి. కీళ్లు పట్టేసినా కదలికే మందు. మొగుణ్ణి ఎత్తడం మాత్రం వద్దు. నొప్పి తగ్గకపోతే మాత్ర మారుస్తాను, అవసరమైతే ఎముకలకు ఇంజక్షనుంది. మీ అంతట మీరు మానకూడదు. నడవమని ఆ రోజే మీ ఆవిడకు చెప్పాను కదా!"

ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఫ్యాను వైపు చూసింది.

ఎందుకు చెప్పలేదని బయటికొచ్చాక అడిగాను.
"ముప్పై ఏళ్లలో మొదటిసారి ఎవరో టీ పెట్టి చేతికిచ్చారు. చెబితే మర్నాడే ఆపేస్తారని..." అంది. మళ్లీ తనే, "నొప్పులు ఇంతవుతాయనుకోలేదండీ" అంది.
తీర్మానం పదిహేనో రోజున కూలిపోయింది. కూల్చింది ఇద్దరం.

మార్చి 18, మంగళవారం
కొత్త తీర్మానం. రోజూ అరగంట నడక, ఇద్దరమూ. టీ ఒక రోజు నేను, ఒక రోజు ఆవిడ.
6:00 బయల్దేరాం.
6:12 నా నడుం మొన్నటి డ్రమ్మును గుర్తు చేసింది. రేపట్నించి మొదలుపెడదామా అన్నాను. "మీరు కూర్చోండి, నేను వెళ్లొస్తా" అని మలుపు తిరిగిపోయింది. మెల్లగానే, కానీ ఆగకుండా.
6:30 నడక: ఆవిడ అరగంట. నేను పన్నెండు నిమిషాలు, తక్కినది ఎవరిదో ప్రహరీగోడ మీద. రేపట్నించి పూర్తి అరగంట!
6:45 ఆవిడ అట్టలోంచి మాత్ర తీసి వేసుకుంది. నేను అట్టలో మిగిలినవి లెక్కపెట్టాను.
"అనుమానంగా ఉందా? చూసుకోండి" అని నోరు తెరిచింది.
కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాను.