రెండు ఉప్పు డబ్బాలు

నూజివీడు
జూన్ 9

పుష్పవతికి,

అత్తయ్య రాస్తున్నాను. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్‌లో నా గొంతు పెరుగుతుంది, నువ్వు మాట్లాడకుండా ఊరుకుంటావు, పక్కన ఎవరు వింటున్నారో ఇద్దరికీ తెలియదు. కాగితం మీదైతే అనవలసిన దానికంటే ఒక్క మాట ఎక్కువ అనను. మన డ్రైవరు వెంకటేశ్వర్లు విస్సన్నపేట వస్తున్నాడు, అతని చేత పంపుతున్నాను.

మీ అన్నయ్య ఇంట్లో నాలుగు రోజులుండి వస్తానని వెళ్లావు. రాజీవ్ నిన్ను పిలవడం లేదు. పెళ్లాన్ని పిలుచుకోరా అని నేనూ చెప్పడం లేదు. ఎందుకో నీకు తెలుసు. అయినా నా వైపునుంచి ఒకసారి మొదటినుంచీ చదువు.

నువ్వు కాపురానికొచ్చిన కొత్తలోనే మనకి ఉప్పు దగ్గర తేడా వచ్చింది. మీ ఇంట్లో ఎసట్లో ఉప్పు, పెరుగన్నంలో ఉప్పు, కోసిన మామిడికాయ ముక్క మీద ఉప్పూ కారం. నేను లెక్కల టీచర్ని. మీ మామయ్యకి నలభై నిండకుండానే బీపీ. నేను చెంచాతో కొలిచి, చాకుతో చదును చేసి వేసేదాన్ని. నువ్వు పిడికిలితో వేసేదానివి. "చేతికి తెలుస్తుందండీ అత్తయ్యా" అనేదానివి. పైగా ప్రతి కూరకీ ఇంగువ తాలింపు, వీధి చివరిదాకా ఘుమఘుమ. ఆయన మధ్యలో కూర్చుని, "హైమా, నువ్వు వండితే డాక్టరుకి ఆరోగ్యం, అమ్మాయి వండితే నాకు ఆరోగ్యం" అని నవ్వేవారు. నవ్వులాటగా ఉన్నన్నాళ్లూ నేనూ పట్టించుకోలేదు.

కిడ్నీలు దెబ్బతిన్నాయని తేలాక నవ్వులాట పోయింది. డాక్టరు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. ఉప్పు బాగా తగ్గించమన్నాడు, తగ్గించాను. కొబ్బరినీళ్లు, అరటిపండు, మామిడిపండు వద్దన్నాడు, మానిపించాను. రసాల తోట పెంచిన మనిషి కాయని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మళ్లీ బుట్టలో పెట్టేసేవారు. ఆయన ఒక్కరికీ వేరే వండితే చిన్నబుచ్చుకుంటారని ఇంటిల్లిపాదికీ చప్పిడే వండించాను. రాజీవ్ హనుమాన్ జంక్షన్‌లో కడుపు నింపుకుని ఇంటికొస్తున్నాడని తెలిసీ ఊరుకున్నాను. నువ్వు మాత్రం ఊరుకోలేదు. "మనిషి కంచం ముందు కూర్చుని లేచిపోతున్నారు. తినని కూరలో ఉప్పు తక్కువుంటే ఎవరికండీ మేలు?" అన్నావు. వారం తిరిగేసరికి ఆయన చొక్కా భుజాలు జారాయని కూడా అన్నావు. ఆ మాట నాకు గుచ్చుకుంది. నిన్ను కసిరాను.

ఆ చిక్కు విప్పింది నీ కూతురు యోగిత. ఉగాదికి హైదరాబాద్ నుంచి వస్తూ, మొదటి జీతంతో తాతయ్యకి చొక్కా కాదు, ఉప్పు కొనుక్కొచ్చింది. డైట్ సాల్ట్. సోడియం తక్కువ అని మీద పెద్ద పెద్ద అక్షరాలు. "నానమ్మా, ఇది భయం లేకుండా వేసుకోవచ్చు, మా ఆఫీసులో అందరూ ఇదే" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పొయ్యి పక్కన రెండు డబ్బాలు పెట్టాను. ఎర్రమూతది మనకి, తెల్లమూతది ఆయనకి. ఆ పూట నుంచి ఆయన కంచం ఖాళీ అయ్యేది. "ఇన్నాళ్లకి నా మనవరాలు నాకు ఉప్పు పెట్టింది" అని గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పుకున్నారు. ఆయన తింటున్న సంతోషంలో నేనే ఇంకో అరచెంచా కలిపేదాన్ని.

అంత సవ్యంగా జరుగుతుంటే, మే నెలలో నువ్వు ఆవకాయ కలిపావు. ఒక మధ్యాహ్నం ఆయన బనీను మీద ఎర్రటి నూనె మరక చూశాను. "ఏంటిది?" అంటే ఆయన తప్పు చేసిన పిల్లాడిలా నీ వైపు చూశారు. "ముక్క పెట్టలేదండీ, వేలికి ఊట తీసి నాకించాను" అన్నావు. నాకించావు! రెండో ఉప్పు డబ్బా ఉండగా, పుష్టిగా తింటుండగా, నీకు ఇంకా తృప్తి లేకపోయింది.

ఆ తరవాత కొద్దిరోజులకే ఒక పొద్దున కాళ్లు లేవడం లేదన్నారు. ఆసుపత్రికి చేరేసరికి గుండె నెమ్మదించింది. రక్తంలో పెరగకూడనిది పెరిగింది, తిండిలో ఏం మారిందో చెప్పండని డాక్టరు అడిగాడు. ఆ ఆఖరి గంటలో నువ్వు ఆయన దగ్గర లేవు కూడా. ఎక్కడికో వెళ్లి ఆటోలో తిరిగొచ్చావు. అప్పటికే అయిపోయింది. వరండాలో నిన్ను నిలబెట్టి, "ఏం పెట్టావ్ ఆయనకి?" అని అడిగాను. నువ్వు గోడ వైపు చూస్తూ, "ఆవకాయ పెట్టానండీ" అన్నావు. అంతే.

పెద్దకర్మ నాడు ఆయనకి ఇష్టమైనవి విస్తట్లో పెడుతుంటే, నువ్వు ముద్దపప్పు పక్కన ఆవకాయ పెట్టబోయావు. నీ చెయ్యి పట్టుకుని, అందరూ వింటుండగా, "బతికుండగా పెట్టి చంపింది చాలదా?" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను. నేను కోపంలో అనలేదు. చూసింది అన్నాను, నువ్వు ఒప్పుకున్నది అన్నాను.

ఇంటి తాళంచెవి ఒకటి నీ దగ్గర ఉండిపోయింది. వెంకటేశ్వర్లు చేతికివ్వు.

హైమావతి

*

నూజివీడు
జూన్ 17

పుష్పవతీ,

తాళంచెవి అందింది. కాగితంలో చుట్టి పంపావు. ఆ కాగితం మీద ఏమైనా రాశావేమోనని అటూ ఇటూ తిప్పి చూశాను. ఏమీ లేదు.

నిన్న బీపీ చూపించుకోవడానికి మన డాక్టరు దగ్గరికి వెళ్లాను. తెల్లమూత డబ్బాలో ఉప్పు ఇంకా మిగిలి ఉంది. పారబొయ్యడం నాకు చేతకాదు కదా, నేను వాడుకోవచ్చునా అని ఆ ప్యాకెట్ కూడా తీసుకెళ్లి చూపించాను. డాక్టరు నా రిపోర్టు చూసి, "మీ కిడ్నీలు బాగున్నాయి కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకైతే ఇది విషమేనండీ" అన్నాడు. సోడియం తగ్గించిన చోట పొటాషియం కలుపుతారట. జబ్బుపడ్డ కిడ్నీ దాన్ని బయటికి తొయ్యలేదట. అది ఒంట్లో పేరుకుని, కాళ్లు పట్టు తప్పి, గుండె ఆగుతుందట. "కొబ్బరినీళ్లూ మామిడిపండూ వద్దన్నది అందుకే కదండీ" అన్నాడు.

నేను కుర్చీలోంచి లేవలేదు. బయట పేషెంట్లున్నారని కాంపౌండరు రెండుసార్లు తొంగి చూశాడు. అప్పుడు డాక్టరే మెల్లిగా, "పెద్దాయన పోయిన రోజు మీ కోడలుగారు ఇంటికి పరిగెత్తి ఇదే తెచ్చి చూపించారండీ. ఇంట్లో తనే చెప్తానన్నారు. చెప్పలేదా?" అన్నాడు.

"మరి ఆవకాయ?" అని అడిగాను.

"ఆవకాయ మంచిదని చెప్పను గానీ, వేలికంటిన ఊటకి మనిషి పోడండీ."

ఇంటికొచ్చి ప్యాకెట్ వెనక ఉన్న చిన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదివాను. అంతా రాసే ఉంది. కిడ్నీ రోగులు వైద్యుని అడిగి వాడాలని కూడా ఉంది. లెక్క పూర్తిగా చదవకుండా పెన్ను పెట్టొద్దని తరగతిలో పిల్లల వేళ్ల మీద కొట్టినదాన్ని, ముందు వైపు పెద్ద అక్షరాలు చదివి వెనక్కి తిప్పలేదు. ఆ ఒక్కసారి డాక్టర్ని అడగలేదు. కాయ కోతల హడావుడిలో రక్తపరీక్ష ఒక నెల వాయిదా వేస్తానని రాజీవ్ అంటే, బాగానే తింటున్నారు కదా అని సరేనన్నాను. అరచెంచా పెంచింది నేను. రెండు పూటలా కూరలో కలిపింది నేను. నువ్వు ఆ తెల్లమూత ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. "ఈ ఉప్పు నాలిక చివర చేదు తగులుతోందండీ అత్తయ్యా" అని ఒకసారి అన్నావు. నీ చేతి తిండికి అలవాటుపడ్డ నోరు అలాగే అంటుందిలే అన్నాను.

వరండాలో నువ్వు గోడ వైపు ఎందుకు చూశావో ఇప్పుడు తెలిసింది. అప్పటికి యోగిత ఇంకా హైదరాబాద్ బస్సులో ఉంది. అది దిగేలోపల ఆయన చావుకి ఒక కారణం కావాలి. నువ్వు దాన్ని నీ పేరు మీద రాసుకున్నావు. నేను నలుగురిలో నిన్ను ఆ మాట అంటుంటే యోగిత నీ పక్కనే నిలబడి ఉంది. తల్లి వైపు అది ఎలా చూసిందో నేను చూశాను. నువ్వూ చూశావు. అయినా నోరు విప్పలేదు.

కానీ పుష్పవతీ, తప్పుడు లెక్కని తప్పని తెలిశాక అలా వదిలేయడం నా వల్ల కాదు. ఎంతమంది ముందు నీ మీద ఆ మాట వేశానో అంతమంది ముందే తియ్యాలి. తియ్యాలంటే జరిగింది చెప్పాలి. నెలమాసికానికి అందరూ వస్తారు. ఆ రోజు చెప్తాను. యోగిత చిన్నపిల్ల కాదు, ఉద్యోగం చేస్తోంది. ఏడుస్తుంది, తట్టుకుంటుంది. కావాలని చేసింది కాదని నేనే దగ్గర కూర్చుని చెప్తాను.

నీ జవాబు కోసం చూస్తాను. క్షమించమని అడిగే చోటు నాకు ఇంకా రాలేదు. ముందు ఆ మాట తియ్యాలి.

మీ అత్తయ్య

*

నూజివీడు
జూన్ 24

అమ్మా పుష్పా,

నా ఉత్తరం అందిన రోజు నువ్వు ఫోన్ చేశావు. నువ్వు అన్నవి ఒక్కటీ మర్చిపోలేదు.

"చెప్పుకోండి అత్తయ్యా, మీ ఇష్టం. ఆ మాట యోగిత చెవిన పడిన రోజు నుంచి నేను ఆ ఇంటి గడప తొక్కను" అన్నావు. "కావాలని చెయ్యలేదని మీరు చెప్తే దానికి నిద్ర పడుతుందా? మొదటి జీతం అండీ. తాతయ్య తిన్న ప్రతి ముద్దా లెక్కపెట్టుకుంటుంది. అది మీ మనవరాలు, లెక్కపెట్టకుండా ఉండలేదు" అన్నావు. చివరికి, "నన్ను అనుకునేవాళ్లు అనుకోనీండి, ఆవకాయ పెట్టింది అబద్ధం కాదు కదా" అని ఫోన్ పెట్టేశావు.

నిన్న మాసికం అయింది. చెప్తానన్న మాట చెప్పలేదు. నీ మీద వేసినది తియ్యకుండా కూడా ఉండలేదు.

భోజనాలయ్యాక అందరూ వసారాలో ఉన్నారు. నీ ప్రస్తావన ముసునూరు ఆడపడుచే తెచ్చింది. "ఏం వదినా, మా అన్నయ్యకి ఉప్పూకారం నాకించిన మహాతల్లి ఇక రాదా?" అంది. నేను లేచి నిలబడ్డాను. "పుష్పవతి ఏమీ పెట్టలేదు. ఆయన అడిగితే నేనే పెట్టాను. ఒకరోజు కాదు, రోజూ పెట్టాను. డాక్టరు అడిగేసరికి భయపడి కోడలి మీద తోశాను. నా పరువు పోకూడదని అది ఒప్పుకుంది" అన్నాను.

బళ్లో పాఠం చెప్పినట్టు చెప్పానేమో, ఎవరికీ అర్థం కానట్టు చూశారు. తరవాత ఆడపడుచు అందుకుంది. "ఇంటెడు మందికీ నోళ్లు కట్టేసి, తను మాత్రం దొంగచాటుగా పెట్టిందట! పైగా నా అన్న కర్మ దగ్గర ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లాగింది! నీకు నోరెలా వచ్చింది వదినా?" అని. ఆవిడ అన్నదాంట్లో చెయ్యి పట్టుకుని లాగిన మాట నిజం. దానికి పడవలసిన తిట్లు పడ్డాను. మిగతావి పడవలసిన చోటు కూడా, ఒకరకంగా, ఇదే. పెట్టినదాని పేరొకటే మారింది.

రాజీవ్ లేచి పెరట్లోకి వెళ్లాడు. లోపలికొచ్చి, "ఎల్లుండి పుష్పని తీసుకొస్తాను" అన్నాడు. ఆ మాట నాతో కాదు, మేనత్తతో అన్నాడు.

నేను వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే యోగిత వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. "నానమ్మా, నేను తెచ్చిన ఉప్పుతో తాతయ్య అంత బాగా తింటున్నాడు కదా. దాంతోనే సరిపెట్టి ఉంటే బతికి ఉండేవాడు కదా. ఎందుకు పెట్టావు ఆ ఆవకాయ?" అంది.

"అవునమ్మా, ఉండేవాడు" అన్నాను.

ఇన్నేళ్లలో నేను తెలిసి తెలిసి తప్పు జవాబు చెప్పింది ఆ ఒక్కసారే. నోటికి సులువుగానే వచ్చింది.

అయితే ఒకటి ఉంది. ఆ ఉప్పు అది మళ్లీ ఇంకెవరికైనా కొనిపెడితే, ఆ పాపం మనిద్దరిదీ అవుతుంది. అందుకని, "డాక్టర్ని అడగకుండా ఇక ఎవరికీ ఏదీ కొనివ్వకు, ఉప్పైనా సరే" అన్నాను. అది నా వైపు చూసి, "నువ్వా నాకు చెప్పేది?" అంది. బ్యాగు తీసుకుని, అన్నం తినకుండానే రాత్రి బస్సుకి వెళ్లిపోయింది. కొన్నాళ్లు పోయాక, నీ మాటగా, దాని చేత ఒట్టు వేయించుకో. నీ మాట వింటుంది. ఇప్పుడు నీ మాటే వింటుంది.

ఈ ఉత్తరం ఇవాళే వెంకటేశ్వర్లు చేత పంపుతున్నాను. రేపు పదింటికల్లా రాజీవ్ కారు తీసుకుని వస్తాడు. అతనికి కూడా ఏమీ చెప్పకు. మొగుడికి చెప్పినది ఏదో ఒకరోజు కూతురికి చేరుతుంది. క్షమించమంటాడు. వెంటనే క్షమించనక్కర్లేదు, నీకెప్పుడు అనిపిస్తే అప్పుడే.

ఇంటికొచ్చాక నువ్వు నాతో ఎలా ఉన్నా నాకు సమ్మతమే. వంట ఇకనుంచి నీది, ఉప్పు నీ ఇష్టం. ఒక్క సంగతి మాత్రం జాగ్రత్త. యోగిత వచ్చినప్పుడు అది నన్నేమైనా అంటే, పెద్దావిడని అలా అనకే అని నన్ను వెనకేసుకు రావద్దు. నా కంచంలో నెయ్యి వెయ్యొద్దు. నా వంక జాలిగా చూడొద్దు. అది తెలివైన పిల్ల. నువ్వు నా మీద కోపంగా లేవని తెలిసిన రోజున, ఎందుకు లేవో ఆలోచించడం మొదలుపెడుతుంది.

నీ
అత్తయ్య