సత్తయ్య పేరు మీద కొట్టిన గోల్స్

తమ్ముడు యాదగిరికి,

కొల్హాపూర్ నుంచి మీ అన్న మల్లేశం దీవించి రాస్తున్నది.

“ఫైనల్ ఒక్కటి గెల్వనీ మల్లేశం. తెల్లారంగనే నేనే పోయి చెప్త, ఆడింది నువ్వని” అంటూ మన కెప్టెన్ నా భుజం మీద చెయ్యేసి మాట ఇచ్చి యాభై ఏళ్లు దాటింది. ఇంకా తెల్లారలేదు.

ముందు మీ అందరి క్షేమం అడగాలి. నీ మోకాలు ఎట్లా ఉంది? మరదలు లలిత షుగర్ మాత్రలు వేళకు వేసుకుంటున్నదా? నేను బాగానే ఉన్నాను, నా గురించి ఫికర్ పెట్టుకోకు. బిడ్డ సరోజ నన్ను బాగా చూసుకుంటున్నది. అల్లుడు పొద్దున ఫౌండ్రీకి పోతే సాయంత్రం మసి మొహంతో వస్తాడు. నాతో ఎక్కువ మాట్లాడడు, మంచివాడు. ఇక్కడ వాన పట్టుకుంటే వదలదు. జొన్న రొట్టె, ఎర్రటి మటన్ పులుసు పెడతారు, కారం మనకంటే తక్కువేమీ కాదు. కానీ చింతచిగురు దొరకదు. ఎండబెట్టినది ఉంటే ఎవరైనా ఇటు వచ్చేటప్పుడు కొంచెం పంపు. తెలుగు అక్షరానికి మొహం వాచిపోయాను, పాత వారపత్రికలు ఏవి దొరికినా సరే దాంతో పాటు పంపు. జీవితమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ని, ఇప్పుడు దిద్దడానికి పాల ప్యాకెట్ మీద కూడా తెలుగు లేదు.

ఒక్కటి మాత్రం మన ఊరిని గుర్తు చేస్తుంది. ఇక్కడ ఫుట్‌బాల్ పిచ్చి. ఒక్కో పేటకు ఒక టీము, మ్యాచ్ రోజు దుకాణాలు సగం మూతపడతాయి. పోయిన నెల సరిహద్దులో లొల్లి అయినప్పుడు సైరన్ మోగించి చూశారు, ఫైనల్ ఆపేశారు. పక్కింటి ముసలాయన తెగ బాధపడ్డాడు. మీ హైదరాబాద్‌లో బిర్యానీ తప్ప ఫుట్‌బాల్ కూడా ఉండేదా అని పనిలో పనిగా నన్ను కూడా గిచ్చాడు.

“ఆప్ కే హైదరాబాద్ మే తో సిర్ఫ్ బిర్యానీ హోతీ హై నా? ఫుట్‌బాల్ భీ థా క్యా?”

“భాయ్‌సాబ్, జంగ్ మే భీ హువా” అన్నాను, యుద్ధంలో కూడా ఆట ఆగలేదని.

ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఆ రోజంతా అన్నం సహించలేదు.

నువ్వు ఫోన్‌లో అడిగినదానికి జవాబు ఇదే. ఫోన్‌లో చెబితే “పోనియ్యే అన్నా” అని కోసేస్తావు, అందుకే రాస్తున్నాను. బస్తీ పిల్లలు సత్తయ్య పేరు మీద కప్పు పెడుతున్నారని, నేను వచ్చి ప్రైజులు ఇవ్వాలని, స్టేజీ మీద కెప్టెన్ కూడా ఉంటాడని అన్నావు. అప్పుడు నువ్వు చిన్నవాడివి. నీకు తెలిసింది సగం, ఆ సగం కూడా కెప్టెన్ చెప్పిందే.

బంగ్లాదేశ్ యుద్ధం ఏడాది అది. సైన్యం టీములు సరిహద్దుకు పోయాయి, లీగు కుంటి నడక నడిచింది. రావలసిన టీము రాకపోతే ఎదుటి టీము వట్టి గోల్‌లో బంతి కొట్టి గెలిచాననిపించుకునేది. చీకటి పడకముందే జనం ఇళ్లు చేరాలని మ్యాచ్‌లు మిట్టమధ్యాహ్నం పెట్టారు. బస్సుల లైట్లకు సగం నల్ల రంగు, కిటికీలకు నల్ల కాగితాలు. కప్పు పోటీకి టీములు చాలక మన ఛత్రినాక టీమును కూడా రానిచ్చారు. మామూలు రోజుల్లో మనల్ని గేటు దగ్గరే ఆపేవాళ్లు.

మన సెంటర్ ఫార్వర్డ్ సత్తయ్యను హోంగార్డుల్లో వేశారు, మిద్దెలెక్కి ఎవరింట్లో దీపం వెలుగుతున్నదో చూసే డ్యూటీ. సీజన్ మొదట్లో పేర్లు రాయించేటప్పుడు నేను టైఫాయిడ్‌తో మంచంలో ఉన్నాను, నా పేరు లేదు. ఆ సీజన్‌లో డ్యూటీకి పోయినవాడి పేరు మీద ఇంకొకడు ఆడటం మామూలైపోయింది. కమిటీకీ తెలుసు, రెఫరీకీ తెలుసు, నోరెత్తి చెప్పనంతవరకు ఎవరూ అడిగేవారు కాదు. కప్పు మొత్తం నేను సత్తయ్యనై ఆడాను.

మలక్‌పేట వైపు గ్రౌండ్‌లో ఫైనల్. తోలు బంతికి తాడు కుట్టు ఉండేది, తలతో కొడితే నుదురు చీరుకుపోయేది. మొదటి గోల్ నుదుటితోనే కొట్టాను. మన బస్తీవాడొకడు ఎగిరి “మల్లే...” అని మొదలుపెట్టాడు, పక్కవాడు వాడి నోరు మూశాడు.

“సత్తయ్య అనురా సన్నాసీ! మ్యాచ్ పోగొడ్తవా?”

“అరె, గోల్ కొట్టింది మల్లేశమే గద భాయ్!”

“కొట్టింది మల్లేశమే, పేరు సత్తయ్యది. ఒర్లు!”

బస్తీ బస్తీ “సత్తయ్య, సత్తయ్య” అని ఒర్లింది. నేను కూడా నవ్వుతూనే రెండో గోల్ కొట్టాను. కళ్లలోకి రక్తం కారుతున్నా లోకమంతా నాదే అనిపించింది. అంత సంతోషం నాకు మళ్లీ పెళ్లిలో కూడా లేదు. ఈ మాట సరోజకు చెప్పకు.

మ్యాచ్ కాగానే ఒక సర్కారీ డిపార్ట్‌మెంట్ సార్ కెప్టెన్‌ను పిలిచి, తమ ఆటగాళ్లు చాలామంది యుద్ధం డ్యూటీలో ఉన్నారని, “ఆ సత్తయ్యను సోమవారం పంపు, నౌకరీ ఇస్త” అన్నాడు. నేను రక్తం కారే మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని పక్కనే ఉన్నాను. పర్మినెంటు ఉద్యోగం, పైగా ఆట. కెప్టెన్ ఇచ్చిన మాట ఉంది కదా అని నోరు విప్పలేదు.

మరునాడు కెప్టెన్ ఇంటికి పోతే, ఆయన పళ్లు తోముకుంటూ నిలబడ్డాడు.

“ఇప్పుడు చెప్తె కప్పు వాపస్ అడుగుతర్రా. బస్తీకి ఇన్ని దినాలకు ఒక్క కప్పొచ్చింది. నీ ఒక్కని కోసం అందర్ని ఏడ్పియ్యాల్నా?”

“మరి మాట ఇచ్చిన్రు గదన్నా?”

“ఇచ్చిన. మాటకంటె కప్పు పెద్దది. వచ్చే సాలు నీ పేరు రాయిద్దాం, ఏంది గంత ఫికర్?”

ఆ మరుసటి ఏడు ఏ సారూ మన బస్తీకి రాలేదు. ఆట నా మోకాళ్లలోంచి పోయింది, నేను ప్రెస్సుకు పోయాను. సోమవారం కెప్టెన్ సత్తయ్యనే పంపాడు, ఉద్యోగం అతనికి వచ్చింది. ఒక్క సీజన్ చూసి డిపార్ట్‌మెంట్ వాళ్లు అతన్ని గ్రౌండ్ నుంచి స్టోర్సుకు మార్చారు, జీతం మాత్రం ఆగలేదు. జల్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం నాడు నన్ను పక్కకు పిలిచి, “మల్లేశం, ఇంట్ల తిండికి లేకుండె, అందుకే ఊకున్న. నా మీద ఎంత కోపమున్నా నువ్వు వచ్చినవ్, సాలు” అన్నాడు. ఆ రోజే అతని మీద కోపం పోయింది. చచ్చిపోయినవాని మీద పగ పట్టానని నువ్వనుకుంటున్నావు. అది తప్పు.

కప్పుకు అతని పేరే ఉండనీ, పేదవాడు, మంచివాడు. కానీ స్టేజీ మీద ఆ ఫైనల్ కథ మళ్లీ చెబుతారు. “సత్తయ్య రెండు గోల్స్” అని మైకులో అంటుంటే నేను పక్కన కూర్చుని చప్పట్లు కొట్టలేను. కెప్టెన్ తన నోటితో, ఛత్రినాక జనం ముందు, ఆడింది మల్లేశమని చెబుతానంటే ఆ రాత్రే బస్సెక్కుతాను. ఇప్పుడు కప్పు వాపసు అడిగే కమిటీ కూడా లేదు, ఏం పోతుంది ఆయనది? ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు. ఒప్పుకోకపోతే ప్రైజులు ఎవరితోనైనా ఇప్పించుకోండి.

చిన్నమ్మ కాళ్లకు నా తరఫున దండం పెట్టి, ఆమె దీవెన ఫోన్‌లో నాకు వినిపించు. మరదలికి ఆశీస్సులు, పిల్లలకు ముద్దులు. బస్తీలో నన్ను అడిగినవాళ్లకు బాగున్నానని చెప్పు. మల్లేశం ఎవరి మీద అలిగాడని అడిగితే సత్తయ్య పేరు ఎత్తకు. స్టేజీ మీద పూలదండ వేసుకుని కూర్చునే మన కెప్టెన్ లక్ష్మయ్యను చూపించు.

నీ అన్న,
మల్లేశం