కంటి గది ముందు రెండు బెంచీలు

జిల్లా ఆరోగ్య అధికారి గారి సముఖమునకు,
హోసూరు నుండి ఒక కాలేజీ లెక్చరర్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: హెచ్.ఐ.వి. ఉండి కంటికి చికిత్స పొందువారిని సొంతవారి చేతికే అప్పగించునట్లు ఉత్తర్వు ఇప్పించుట గురించి.

ఆసుపత్రి బెంచీ మీద నా భర్త నాకేమవుతాడు? ఈ ప్రశ్నను కొన్నేళ్లుగా మోస్తున్నాను. తమరు కుప్పం వైపువారని, తెలుగు చదువుతారని విని తెలుగులో వ్రాస్తున్నాను. తమిళంలోనూ వ్రాయగలను. కాని మీ ఆఫీసు సెక్షన్లో తమిళం అందరూ చదువుతారు.

1. నాకూ, నా భర్త చంద్రశేఖర్‌కూ హెచ్.ఐ.వి. ఉన్నది. మందులకు కృష్ణగిరి వెళ్తాము. ఒకే బస్సులో ఎన్నడూ వెళ్లలేదు. ఆయన ముందు బస్సు, నేను వెనుక బస్సు. ఆయనది ఒక బెంచీ, నాది ఇంకొకటి. ఒకరిని ఎవరైనా గుర్తుపట్టినా రెండోవారైనా మిగలాలని చేసుకొన్న ఏర్పాటు ఇది. ఇప్పటిదాకా చెడలేదు.

2. మామిడి కాపు రోజుల్లో బేరానికని వేప్పనపల్లి తోటల వెంట తిరుగుతూ ఆయన మాత్రలు మానేశారు. శక్తి తగ్గిన ఒంట్లో ఏదో వైరస్ కంటి లోపలి పొరకు పట్టింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. కళ్లముందు ఈగలు ఆడుతున్నట్టుందన్నారు. మామిడి మండీలో ఈగలుండక ఏముంటాయని ఇద్దరమూ అనుకొన్నాము. ఎడమ కన్ను పోయింది. కుడి కంటిలోకి ఆ ఆసుపత్రిలోనే, కంటి గదిలో, వారం వారం సూదిమందు వేస్తున్నారు.

3. సూదికి ముందు చుక్కలు వేస్తే ఆయనకు చాలాసేపు ఏమీ కనబడదు. అప్పుడు చెయ్యి పట్టుకొని నడిపించునది శోభన అను ఆసుపత్రి సేవకురాలు. ఆమెకూ ఇదే జబ్బు. ఆమెపై నా ఫిర్యాదు ఏమనగా, ఆమె బాగా నడిపిస్తుంది. ఇంట్లోనూ ఆయనకు చూపు మసకే, మెట్టు వచ్చినప్పుడల్లా నేను మెట్టు, మెట్టు అంటాను.

"నువ్వు కండక్టర్ మాదిరి అరుస్తావు. ఆయమ్మ అరవదు. రెండు వేళ్లతో అట్ల అదుముతుంది, అంతే," అన్నారాయన.

అప్పటి నుండి నేనూ అదిమి చూస్తున్నాను. ఆయన మెట్టు తన్నుకొని, "ఏమి, చెయ్యి నొప్పా?" అని అడుగుతారు.

4. పోయిన మంగళవారం ఆయన కూర్చునే బెంచీ నిండిపోయి, శోభన ఆయనను నా బెంచీకి తెచ్చింది.

"అక్కా, ఈయప్పని రవ్వంత చూసుకో, టీ తెస్తా. పాపం, ఎవురూ లేరు ఈయప్పకి."

నా భర్తను నాకే అప్పగించి పోయింది. నా గాజుల సద్దు ఆయన ఎరుగుదురు. అయినా ఏర్పాటు తప్పకుండా, "టైమెంతమ్మా?" అని పరాయి ఆడమనిషిని అడిగినట్లు అడిగారు. చెప్పాను. బస్సుకు తోడెవరని, నేనూ పరాయిదానిలాగే అడిగాను. "ఆయమ్మ ఎక్కిస్తుంది," అన్నారు. శోభన టీ తెచ్చి, కాలుతున్నదని ఊది ఇచ్చింది. పొగలు పోయిన టీ ఆయన ముట్టరు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారీ ముట్టలేదు. ఆ రోజు తాగారు.

5. ఇప్పుడు కుడి కంటి పొర కూడా ఊడుతున్నదట. వచ్చే మంగళవారం ఆపరేషన్. తర్వాత రోజుల తరబడి బోర్లా పడుకోవాలి, పక్కన మనిషి ఉండాలి. సంతకానికి సొంతవారు ఎవరూ లేరా అని, ఆ రోజే ఆయనను గది గుమ్మం దగ్గరకు పిలిచి డాక్టరు అడిగారు. ఆయనకు నేను కనబడను. అయినా నా బెంచీ వైపు తల తిప్పకుండా, లేరన్నారు. "నేను పెడ్తా సార్, పక్కన కూడా నేనే ఉంటా," అన్నది శోభన. డాక్టరు సరేనన్నారు. నేను లేవలేదు. ఆ గదిలో నర్సు అంజనమ్మ. ఆమె కూతురు భూమిక నా క్లాసులో ముందు వరుస.

కావున సంతకము, చెయ్యి, టీ, ఈ మూడూ సొంతవారికే చెందునట్లు తమరు ఉత్తర్వు ఇప్పించవలెను. ఉత్తర్వు వస్తే నేను లేవక తప్పదు. అందుకే అడుగుతున్నాను.

నా కష్టము చిత్తగించి, మంగళవారంలోగా ఏదో ఒకటి చెప్పించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
చంద్రశేఖర్ భార్య

మరొక మనవి: శోభనను మాత్రం అక్కడి నుండి తీసివేయవద్దు. నేను లేవకపోతే ఆయనకు ఆమె కావాలి. భార్య అన్న మాట కాగితం మీద వ్రాయగలిగాను. అంజనమ్మ వినేట్లు చెప్పగలనో లేదో తెలియదు. మంగళవారం ఏ బెంచీ మీద కూర్చోవాలో నేనింకా తేల్చుకోలేదు.