సాంచాల కింద దగ్గు

నేను చేసిన సంగీతాన్ని నా ఫోన్ గుంజుకుని మీరు తుడిచేశారు, దామోదర్ సేటూ. “గిది పాటనారా? దయ్యాల ఏడ్పు!” అని అందరి ముందు నవ్వారు.

అందులో దయ్యం లేదు. బట్ట నేసే మీ సాంచాల చప్పుడునే వడగట్టి, సాగదీసి, మాటల్లేని చీకటి సంగీతం చేశాను. షెడ్డులో మనం సైగలతోనే మాట్లాడుకుంటాం, ఎవరి దగ్గూ ఎవరికీ వినపడదు. చప్పుడును సాగదీస్తే నూలు కండెలు చుట్టే సరోజన అత్త దగ్గు బయటపడింది. “దుమ్ముకు గట్లనే అస్తది అల్లుడా” అంది. ఇప్పుడు మంచం పట్టింది.

నిన్న మళ్లీ రికార్డు చేశాను. అత్త లేదు, దగ్గు ఉంది. ఆమె కూర్చునే మూలన నిన్న కూర్చున్నది మీరొక్కరే.

దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టించండి, అత్తను దవాఖానకు తీసుకుపోండి. సోమవారంలోపు జవాబు రావాలి. లేకుంటే మంగళవారం సాంచాలన్నీ ఆపి, మీ దగ్గు మీకే వినిపిస్తా.